లెక్క అడిగే యజమాని ఒకడున్నాడు

చిరంజీవి మేనల్లుడికి,

అత్త దీవెనలు. దశమ భాగం ఇవ్వాలా, కారు కొనుక్కోవచ్చా అని అడిగావు. ఫోనులో ఒక్క ముక్కలో తేలే ప్రశ్నలు కావు, అందుకే ఉత్తరం రాస్తున్నాను.

దశమ భాగం సంగతి త్వరగా తేలుతుంది. కతోలికులు పదో వంతు ఇచ్చి తీరాలని మన తిరుసభ, అంటే కతోలిక సంఘం, నియమం పెట్టలేదు. తిరుసభ పెట్టిన ఐదు కట్టడల్లో ఒకటి, ఎవరి శక్తి కొలది వారు తిరుసభ అవసరాలకు సాయపడాలంటుంది, అంతే. పదివేలు వేస్తే దేవుడు లక్ష చేసి తిరిగిస్తాడని మీ ఫ్లాటులో ఎవరో చెప్పారన్నావు. అది కానుక కాదు నాయనా, చీటీ పాట.

అసలు మాట లూకా సువార్త 16వ అధ్యాయంలో ఉంది. యజమాని తన గృహనిర్వాహకుణ్ణి పిలిచి, లెక్క అప్పగించమంటాడు. ఉద్యోగం చేసినన్నాళ్లూ బ్యాంకు కౌంటరు వెనక కూర్చున్నదాన్ని, ఈ వాక్యం నాకు ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. చేతిలో కట్టలకు కట్టలు ఉంటాయి, సాయంత్రానికి పైసాతో సహా లెక్క సరిపోవాలి. జీతం మాత్రం నా సొంతమే కదా అనుకుంటాం. సొంత ఆస్తి హక్కు ఉందని 1891లో పోపు పదమూడవ లియో రేరుం నొవారుం అనే లేఖలో గట్టిగానే రాశారు. అదే లేఖలో, మన అవసరాలకూ మన స్థాయికి తగిన జీవనానికీ పోగా మిగిలినది లేనివారికి ఇవ్వడం బాధ్యత అని కూడా రాశారు. చదివేవాళ్లు సాధారణంగా తమకు నచ్చిన సగం దగ్గర ఆగిపోతారు.

కానుకల పళ్లెం కంటే ముందు మీ ఫ్లాటులో గిన్నెలు కడిగే ఆవిడ సంగతి చూడు. నలుగురు కుర్రాళ్లు ఉండే ఇంట్లో ఆమె జీతం ఎవరి బాధ్యతా కాదు. ఒకడు ఊరికి వెళ్తాడు, ఒకడు నా వాటా ఇచ్చేశానంటాడు, ఆమె ఐదో తేదీ దాకా తలుపు దగ్గర నిలబడి అడగాలి. కూలివాడి కూలి పొద్దు గూకక ముందే ఇచ్చెయ్యమంది ద్వితీయోపదేశకాండం. పరలోకానికి మొరపెట్టే పాపాలని సత్యోపదేశంలో చిన్నప్పుడు చదివావు, గుర్తుందా? అన్న చేతిలో చనిపోయిన హాబెలు రక్తంతో మొదలయ్యే ఆ వరుసలో, కూలివాడికి చేసే అన్యాయం కూడా ఉంది. గుడిలో పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనంలో దీన్ని ఎంతమంది చెబుతారో ఫాదరుగారినే అడగాలి, ఆయన చెప్పరు. నువ్వు మాత్రం ఒకటో తేదీన నీ వాటా, అవసరమైతే మిగతావాళ్ల వాటా కూడా ఇచ్చేసి, వాళ్ల దగ్గర తర్వాత వసూలు చేసుకో. జ్వరమొచ్చి రాని రోజులకు కోత పెట్టొద్దు. నీకు ఆఫీసులో సిక్ లీవు ఉంది కదా.

రెండోది, నువ్వు పంపిన క్రెడిట్ కార్డు బిల్లు. 'కనీస చెల్లింపు' అన్న గడిలో చిన్న అంకె చూసి ఊపిరి పీల్చుకున్నావు. అంత మాత్రమే కడితే మిగిలిన బాకీ మీద వడ్డీ పడుతుంది. నెలకు మూడున్నర శాతమంటే చక్రవడ్డీ సంగతి వదిలేసినా ఏడాదికి 42. పైగా బాకీ పూర్తిగా తీరేదాకా కొత్తగా కొన్నవాటికీ వడ్డీ లేని గడువు పోతుంది, కొన్న రోజు నుంచే లెక్క మొదలు. ఆ బాకీ తీరేదాకా కార్డు నా దగ్గర దాచిపెట్టినా సరే.

బిల్లులో సగం పది నిమిషాల్లో ఇంటికొచ్చే సరుకులే. అర్ధరాత్రి చిప్స్ ప్యాకెట్టు కోసం వానలో ఒకడు బండి వేసుకొస్తున్నాడన్నది నీకు తోచకుండా చేయడమే ఆ యాప్‌ల నేర్పు. బాగా బతకాలనుకోవడం తప్పు కాదనీ, ఎంత ఉందన్నదే బతుకనుకోవడం తప్పనీ 1991లో రెండవ జాన్ పాల్ పోపు రాశారు. నాలుగో శతాబ్దంలో పునీత బాసిల్ ఇంకా కటువుగా అన్నారు: నీ పెట్టెలో దాచిన అంగీ బట్టలేనివాడిది, నీ ఇంట్లో పాడైపోతున్న చెప్పులు చెప్పుల్లేనివాడివి. నీ అలమారలో బూట్లు ఎన్ని జతలో నేను లెక్కపెట్టలేదులే.

అలాగని పిసినారివి కావొద్దు. కానా పెండ్లిలో ఆరు రాతి బానల నీళ్లను ద్రాక్షారసం చేసినవాడు మన ప్రభువు. సెప్టెంబరు 8న బెంగళూరు శివాజీనగర్ బసిలికా గుడిలో మరియమాత పండుగకు వచ్చి, అటునుంచి అటే కమర్షియల్ స్ట్రీట్‌లో చెల్లికి చుడీదారు కొంటే నేను సంతోషిస్తాను. చెల్లి కాలేజీ ఫీజు కూడా దానధర్మం ఖాతాలో రాసుకోకు, అది నీ ఇంటి బాకీ.

ఇవన్నీ పోగా మిగిలినదే పేదవాళ్ల వాటా. దాన్ని ఫోను నొక్కి పంపేసి మరిచిపోకు. మీ విచారణలో, అంటే మీ గుడి పరిధిలో, విన్సెంట్ డి పాల్ సభ ఉందేమో కనుక్కో. 1833లో పారిస్‌లో ఫ్రెడరిక్ ఓజనాం, తోటి విద్యార్థులు మొదలుపెట్టింది. అందులోవాళ్లు ఇద్దరిద్దరుగా పేదల ఇళ్లకు వెళ్లి కూర్చుని మాట్లాడతారు. కొన్నాళ్లు వాళ్ల వెంట వెళ్తే ఎంత ఇవ్వాలన్న ప్రశ్న నన్ను అడగవు. కొత్త పన్ను విధానంలో విరాళాలకు మినహాయింపు లేదు కాబట్టి, రసీదు గోల కూడా తప్పింది. ఎడమ చేతికి తెలియకుండా ఇవ్వడానికి ఆదాయపు పన్ను శాఖే దారి చూపించింది.

ఇక కారు. వైట్‌ఫీల్డ్ దాకా మెట్రో 2023లోనే వచ్చింది. అయినా కావాలంటే, నెల వాయిదా ఎంతవుతుందో అంత ఆరు నెలలు వేరే ఖాతాలో వేస్తూ చూడు. అమ్మకు పంపేదీ పనావిడ జీతమూ ఒక్క నెల కూడా ఆలస్యం కాకపోతే కొనుక్కో, నాకేం అభ్యంతరం లేదు. గురువారం నొవేనా ప్రార్థనలకు నన్ను వివేక్‌నగర్ బాల యేసు గుడికి తీసుకెళ్తానన్నావు చూడు, అక్కడ పార్కింగు దొరకదని మాత్రం ముందే చెబుతున్నాను.

మీ అత్త