ఎనిమిది మంది ఆఫీసులో చేరనా?

ప్రశ్న: బీఎఫ్‌ఏ అప్లైడ్ ఆర్ట్ చదివాను. హైదరాబాద్‌లో ఓ ఐటీ కంపెనీలో రెండేళ్లుగా డిజైనర్‌ని. రోజంతా ఒకే బ్యానర్‌ని పది సైజుల్లోకి మార్చడమే పని, విసుగొచ్చేసింది. ఎనిమిది మంది ఉన్న చిన్న యాడ్ ఏజెన్సీ ఒకటి రమ్మంటోంది. జీతం ఇంచుమించు ఇప్పుడున్నంతే. నాన్నేమో ‘పీఎఫ్ కూడా లేని చోటికి ఎందుకమ్మా’ అంటున్నారు. వెళ్లనా, వద్దా?
– ఓ పాఠకురాలు, హనుమకొండ

జవాబు: వెళ్లండి. కానీ నాన్నగారి మాట తీసిపారేయకండి, ఆయన అన్నదాంట్లో నిజముంది. పీఎఫ్ చట్టం మామూలుగా 20 మంది, అంతకు మించి పనిచేసే సంస్థలకే తప్పనిసరి. ఈఎస్‌ఐకి, గ్రాట్యుటీకి కనీసం 10 మంది ఉండాలి. ఎనిమిది మంది ఉన్నచోట ఇవేవీ ఇవ్వకపోతే అది ఓనరు చెడ్డతనం కాదు, చట్టమే అంత. కాబట్టి మీరు ‘ఇంచుమించు ఇప్పుడున్నంతే’ అనుకుంటున్న జీతం నిజానికి తక్కువ. ఇప్పటి కంపెనీ మీ పేరున కడుతున్న పీఎఫ్ వాటా, ఇన్సూరెన్స్ ప్రీమియం లెక్కేసి, ఆ మేరకు పెంచమని అడగండి. సొంత హెల్త్ పాలసీ మాత్రం ఇక్కడ మానేయక ముందే తీసుకోండి.

ఇక పని సంగతి. నేనూ ఆరుగురున్న ఏజెన్సీలో నాలుగేళ్లు చేశాను. చేరిన మూడో వారమే ఓ బట్టల షోరూమ్ దసరా హోర్డింగ్ నా చేతిలో పెట్టారు. వాట్సాప్‌లో వచ్చిన మ్యాటర్ తెచ్చి ఫొటోషాప్‌లో పేస్ట్ చేస్తే ఒత్తులన్నీ ఊడిపోయి ‘వస్త్రాలు’ కాస్తా ‘వస్‌త్‌రాలు’ అయి కూర్చుంది. చెమటలు పట్టేశాయి. మా సార్ కుర్చీ లాక్కుని పక్కన కూర్చుని, సెట్టింగ్స్‌లో అక్షరాల్ని కూర్చే టెక్స్ట్ ఇంజిన్ ఎక్కడ మార్చాలో చూపించి, డిజైన్‌ని బొటనవేలంత చిన్నది చేసి, ‘సిగ్నల్ దగ్గర బండి మీదున్నవాడికి ఇందులో ఏం కనిపిస్తుంది?’ అని అడిగారు. ఏడు లైన్లలో ఐదు తీసేశాం. రాత్రి ఫ్లెక్స్ ప్రింట్ అవుతుంటే అక్కడే నిలబడి, స్క్రీన్ మీద మెరిసిన ఆకుపచ్చ ఇంకులోకి వచ్చేసరికి ఎందుకు చప్పబడిపోతుందో కళ్లారా చూశాను. క్లయింట్ మాట నుంచి మేకు కొట్టేదాకా మొత్తం పని అలా ఒక్క మనిషి చేతి మీదుగా వెళ్లడం పెద్ద కంపెనీల్లో కుదరదు. మీకు ఇప్పుడు కరువైంది అదే.

కష్టం కూడా చెప్పాలి. పండగ సీజన్‌లో రాత్రి తొమ్మిదికి ‘చిన్న మార్పు’ అంటూ ఫోన్ వస్తుంది, ఆదివారాలు పోతాయి. దానికైనా అలవాటు పడొచ్చు గానీ జీతం ఆగితే తట్టుకోలేం. మా ఆఫీసు సగానికి పైగా ఒక్క రియల్ ఎస్టేట్ క్లయింట్ మీదే నడిచేది, వాళ్లు బిల్లు ఆపితే మాకు రెండు నెలలు జీతం రాలేదు. చిన్న సంస్థల బిల్లులు 45 రోజుల్లోపు కట్టాలని ఎంఎస్‌ఎంఈ చట్టంలో ఉంది, కానీ ఉన్న ఒక్క పెద్ద క్లయింట్‌తో గొడవ పెట్టుకునే ధైర్యం ఎవరికుంటుంది? అందుకే ఎంతమంది క్లయింట్లున్నారో, జీతాలు ఎప్పుడైనా ఆలస్యమయ్యాయో మొహమాటం లేకుండా అడగండి. అక్కడ మానేసినవాళ్లలో ఒకరికి ఫోన్ చేస్తే ఇంకా బాగా తెలుస్తుంది.

అన్నిటికంటే ముఖ్యం, మీ పని చూసి తప్పు చెప్పేవాళ్లు ఎవరు? ఓనరుకి డిజైన్ తెలిసి, మీ పక్కన కూర్చునే ఓపిక ఉంటే జీతం కాస్త తక్కువైనా చేరండి. ఆయన క్లయింట్లను తేవడానికే పరిమితమై, సీనియర్ కూడా లేకపోతే అక్కడా మీరు బ్యానర్ సైజులే మారుస్తారు, ఈసారి పీఎఫ్ కూడా లేకుండా. అలాంటి చోటికి వద్దు.

నోటిమాట మీద మాత్రం చేరకండి. జీతం తేదీ, నెలనెలా పేస్లిప్, మానేసేటప్పుడు రిలీవింగ్ లెటర్, చేసిన పనిని పోర్ట్‌ఫోలియోలో పెట్టుకునే అనుమతి, ఇవన్నీ ఆఫర్ లెటర్‌లో రాయించుకోండి. ఆ కాగితం నాన్నగారికి చూపిస్తే ఆయన దిగులూ సగం తీరుతుంది.