‘గుజ్జు అరిగిపోనాది’: అమ్మమ్మ మాట తప్పా?

సందేహం: నేను నర్సింగ్ చదువుతున్నాను. కాలేజీ పత్రికకు కీళ్లనొప్పుల మీద వ్యాసం రాస్తూ ‘మ్యాట్రిక్స్ డిగ్రేడింగ్ ఎంజైమ్స్’ను (కణాల చుట్టూ ఉండే పదార్థాన్ని తొలగించే ఎంజైమ్స్‌ను) ‘మాత్రికా విధ్వంసక ఎంజైమ్స్’ అని రాశాను. మా మేడమ్ దాన్ని ‘మాతృకా క్షీణకాలు’ అని దిద్దారు. ఇంట్లో చదివి వినిపిస్తే, రాజాం నుంచి వచ్చిన మా అమ్మమ్మ “మోకాల్లో గుజ్జు అరిగిపోనాది అని రాయరాదేటి?” అంది. ఏది సరైనది?
– ఒక విద్యార్థిని, బొబ్బిలి

సమాధానం: ముందు మీ అమ్మమ్మగారి మాట చూద్దాం. మీకు కావలసిన క్రియ అందులోనే ఉంది.

చెప్పులు అరుగుతాయి, కత్తి అరుగుతుంది, తిన్న అన్నమూ అరుగుతుంది. మొదటి రెండూ రాపిడితో జరిగేవి, మూడోది కడుపులో ఊరే రసాలతో జరిగేది. రెంటికీ తెలుగులో క్రియ ఒక్కటే. ఆ పని చేసేవాళ్లను చెప్పాల్సి వచ్చినప్పుడు మాత్రం దారులు వేరవుతాయి. సాన మీద నాలుగు చుక్కలు నీళ్లు వేసి గంధపుచెక్కను అరగదీస్తాం. తిన్నదాన్ని అరిగించుకుంటాం. ‘రాళ్లు తిన్నా అరిగించుకునే వయసు’ అంటాం గానీ, ‘అరగదీసుకునే వయసు’ అని ఎవరూ అనరు.

మోకాలి జబ్బులో ఈ రెండు అర్థాలూ నిజమే. ఏళ్ల తరబడి పడిన బరువుకీ రాపిడికీ కొంత అరుగుతుంది. దాంతోపాటు అక్కడి కణాలే కొన్ని ఎంజైమ్స్‌ను అతిగా వదిలి, తమ చుట్టూ ఉన్న పదార్థాన్ని తామే అరిగించేస్తాయి. నీటిని పట్టి ఉంచే ఆగ్రికాన్ అనే పదార్థాన్ని కొన్ని కోస్తే, బలాన్నిచ్చే కోలాజెన్ పోగులను మరికొన్ని తెంచుతాయి. ‘అరిగిపోనాది’ అన్న ఒక్క మాటలో రాపిడీ ఉంది, జీర్ణమూ ఉంది. వైద్యం చదివినవాళ్లు రెండు వాక్యాల్లో చెప్పేదాన్ని మీ అమ్మమ్మగారు ఒక క్రియలో చెప్పేశారు. ‘పోయింది’ని ‘పోనాది’ అనడం మన ఉత్తరాంధ్ర పలుకుబడి. వ్యాసంలో ఆవిడ మాటగా రాసినప్పుడు దాన్ని దిద్దకండి.

ఇక ‘విధ్వంసక’. ఈ మాట మీద నాకు గట్టి అభ్యంతరం ఉంది. ఈ ఎంజైమ్స్ మొదట దొరికింది జబ్బుపడ్డ ఒంట్లో కాదు, తోకకప్ప తోకలో. కప్పగా మారేటప్పుడు ఆ తోక రాలిపడదు, తెగిపోదు. మరి ఎక్కడికి పోతుంది? అంత గట్టి కోలాజెన్‌ను కోసే ఎంజైమ్ అక్కడ పనిచేస్తోందని 1962లో జెరోమ్ గ్రాస్, చార్లెస్ లాపియేర్ చూపించారు. తోక అక్షరాలా అరిగిపోతోందన్నమాట! మన ఒంట్లోనూ అంతే. దెబ్బ తగిలిన చోట పాడైన భాగాన్ని తీసేసి కొత్త కండకు దారి ఇవ్వడానికి, కాన్పు తరవాత గర్భసంచి మళ్లీ మామూలు పరిమాణానికి రావడానికి, పాత ఎముక పోయి కొత్త ఎముక రావడానికి ఇవి కావాలి. మనుషుల్లో ఈ కోలాజెన్‌ను కోసే ఎంజైమ్ కుటుంబానివి (మ్యాట్రిక్స్ మెటలోప్రొటీనేజ్‌లు) 23 ఉన్నాయి. ఇవి పుట్టడమే నోటికి మూత వేసుకుని పుడతాయి, అవసరమైనప్పుడే ఆ మూత ఊడుతుంది. వీటికి కళ్లెం వేసే ప్రొటీన్లు మరో 4 ఉన్నాయి. ఆ కళ్లెం సడలినప్పుడే చిక్కు. కీలు అరుగుతుంది, చిగురు వదులవుతుంది, షుగర్ ఉన్నవాళ్ల కాలిపుండు మానదు, క్యాన్సర్ కణానికి పక్కకు పాకే దారి దొరుకుతుంది.

1990లలో వీటిని మూకుమ్మడిగా ఆపే మందులను క్యాన్సర్ రోగుల మీద ప్రయత్నించారు. ఆశించిన ఫలితం రాలేదు సరికదా, చాలామందికి కీళ్లూ కండరాలూ పట్టేశాయి. మంచి పని చేసేవాటినీ కలిపి ఆపడం అందుకు ఒక కారణమంటారు. ఇల్లు ఊడ్చే మనిషిని ఇల్లు కూల్చే మనిషి అని పరిచయం చేస్తే ఎలా ఉంటుందో, వీటిని ‘విధ్వంసక’ అనడమూ అలాగే ఉంటుంది.

‘క్షీణక’ కూడా కుదరదు. చంద్రుడు క్షీణిస్తాడు, ఆరోగ్యం క్షీణిస్తుంది. అది తనంతట తాను తగ్గడం. ‘క్షీణకం’ అంటే ఎంజైమే నీరసించిందనుకుంటారు.

మీ మేడమ్ ‘మాత్రిక’ను ‘మాతృక’గా దిద్దడం మాత్రం బాగుంది. లాటిన్ ‘మాట్రిక్స్’ అమ్మ అనే అర్థమున్న ‘మాతర్’ నుంచి వచ్చింది. అది మన ‘మాతృ’కు తోబుట్టువు. లెక్కల పుస్తకాల్లో ‘మాత్రికలు’ స్థిరపడిపోయాయి, వాటిని కదపనక్కర్లేదు. కానీ ఆరోగ్య వ్యాసంలో ‘మాత్రిక’ అంటే చదివేవారికి మందుల మాత్రే తడుతుంది. ‘మాతృక’తోనూ ఒక ఇబ్బంది ఉంది. అనువాదానికో రీమేక్ సినిమాకో మూలమైనదనే అర్థంలో అది బాగా వాడుకలో ఉంది. కాబట్టి ఒకసారి ‘కణబాహ్య మాతృక’ అని చెప్పి, ఆపైన ‘కణాల చుట్టూ ఉండే అల్లిక’ అనండి. పొందూరు ఖద్దరు చూసినవాళ్లకు పోగులూ అల్లికా వేరే విప్పి చెప్పక్కర్లేదు.

‘గుజ్జు’ దగ్గర మాత్రం అమ్మమ్మగారితో కొంచెం విభేదిస్తాను. గుజ్జు మామిడిపండుది, చింతపండుది. మోకాల్లో ఉన్నది అలాంటిది కాదు. కోడికాలును కీలు దగ్గర విడదీసి చూడండి. ఎముక చివర తెల్లగా, నున్నగా, వేలు పెడితే జారే గట్టి తొడుగు కనిపిస్తుంది. అదే మృదులాస్థి. దాన్ని గుజ్జు అంటున్నందువల్లే చాలామంది అది ఇంజిన్ ఆయిల్‌లా మళ్లీ నింపుకొనేదని అనుకుంటారు. ‘గుజ్జు పెంచే మందు’ అన్న ప్రకటన చూసి డబ్బు పోసినవాళ్లు మా బంధువుల్లోనే ఉన్నారు. జనం మాట గనక గుజ్జును తీసేయమనను. పక్కనే ‘ఎముక చివరి తొడుగు’ అని ఒక్కసారి రాయండి.

ఎంజైమ్‌ను అనువదించకండి. బస్‌ను బస్సు, రోడ్‌ను రోడ్డు చేసుకున్నట్టు ‘ఎంజైము, ఎంజైములు’ అంటే తెలుగు విభక్తులు హాయిగా అతుకుతాయి.

నేనైతే మీ వ్యాసం ఇలా మొదలుపెడతాను: “‘మోకాల్లో గుజ్జు అరిగిపోనాది’ అంటుంది మా అమ్మమ్మ. ఎముక చివరి తొడుగు రాపిడికి అరుగుతుంది. కణాల చుట్టూ ఉండే అల్లికను అరిగించే ఎంజైములు అదుపు తప్పినా అరుగుతుంది.”