విశాఖలో జానపద-పాప్ బృందం పెట్టాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? మా అనుభవం

మీరు అడిగింది ఇదీ: డిగ్రీ చదువుతున్న నలుగురు స్నేహితులు, ఒక గిటారు, ఉత్తరాంధ్ర పాటలంటే ప్రాణం. బృందంగా ఎలా నిలబడాలి, పైకెలా రావాలి, ముందు యూట్యూబ్ ఛానెల్ పెట్టాలా? నేను వైజాగ్‌లో ఇలాంటి బృందంలోనే ఏళ్ల తరబడి పాడుతున్నాను, రెండో గొంతు నాది. ఛానెల్ సంగతి చివర్లో చెప్తాను. ముందు తేల్చుకోవాల్సినవి రెండే. పాటలో ఎవరి గొంతు ఎక్కడ కూర్చుంటుంది? క్రమం తప్పకుండా జనం ముందు పాడే చోటు మీకు ఉందా? నేను చూసినంతలో ఈ రెండూ కుదిరినవాళ్లే మిగిలారు. మంచి గొంతులుండి కూడా ఇవి కుదరక చెదిరిపోయిన బృందాలు ఈ ఊళ్లోనే నాకు తెలుసు.

మా గిటారిస్టు వాళ్ల నాన్నగారు ఓడల్లో పనిచేసేవారు. ఆయన తెచ్చిన క్యాసెట్ల పుణ్యమా అని మా అందరికీ సీకర్స్ అలవాటయ్యారు. వాళ్లు ఆస్ట్రేలియా వాళ్లు. జానపద బాణీని పాప్ పాటగా మలిచి ప్రపంచమంతా వినిపించినవాళ్లు. వాళ్ల కథ మీరు తప్పక తెలుసుకోవాలి, ఎందుకంటే అదీ ముగ్గురు నలుగురు మామూలు ఉద్యోగుల కథే.

1962లో మెల్‌బోర్న్‌లో మొదలైంది. ఆథల్ గై, కీత్ పాట్గర్, బ్రూస్ వుడ్లీ, కెన్ రే అనే నలుగురు మగవాళ్లు. కెన్ రే మానేశాక ఆ చోట్లోకి జుడిత్ డర్హమ్ వచ్చింది. అప్పటికి ఆమెకు పంతొమ్మిదేళ్లు, పాడేది జాజ్. ఒక ప్రకటనల సంస్థలో సెక్రటరీగా చేరితే, అదే ఆఫీసులో ఆథల్ గై పనిచేస్తున్నాడు. వాళ్లు పాడే కాఫీ హోటల్‌కి వచ్చి ఒకసారి మాతో పాడి చూడు అన్నాడు. అంతే. ఎవరో ఆడిషన్లు పెట్టి ఏరి కూర్చిన బృందం కాదది. అన్నట్టు, పన్నెండు తీగల గిటారు వాయించే పాట్గర్ పుట్టింది మన పక్కన కొలంబోలో.

1964లో ఫెయిర్‌స్కై అనే ఓడలో ప్రయాణికులకు పాటలు పాడుతూ ఇంగ్లండ్ చేరారు. కొన్ని వారాలుండి తిరిగి వెళ్లిపోదామనుకున్నారు. అక్కడ పని దొరికింది, ఉండిపోయారు. టామ్ స్ప్రింగ్‌ఫీల్డ్ అనే ఆయన వాళ్ల గొంతులకు సరిపోయేలా పాట రాసిచ్చాడు. 1965 ఫిబ్రవరిలో అది బ్రిటన్‌లో మొదటి స్థానానికి వెళ్లింది. అదే ఏడాది చివర మళ్లీ మొదటి స్థానానికి వెళ్లిన ఇంకో పాటకైతే, ఆయన ఒక రష్యన్ జానపద బాణీ తీసుకుని కొత్త మాటలు కట్టాడు. 1967లో వాళ్లు సొంతూరు మెల్‌బోర్న్ వచ్చి పాడితే రెండు లక్షల మంది వచ్చారని అంచనా.

జనం ఈ కథలో ఆ రెండు లక్షల దగ్గరే ఆగిపోతారు. నన్నడిగితే అసలు సంగతంతా ఆ ఓడలో ఉంది. ఓడలో రోజూ అవే ముఖాలు. నిన్న పాడిన పది పాటలే ఇవాళా పాడితే ఎవరు కూర్చుంటారు? పాటలు పెంచుకోవాల్సిందే, మాట కలపడం నేర్చుకోవాల్సిందే. పొద్దున్న డెక్ మీద ఎదురుపడే ప్రయాణికుడే సాయంత్రం శ్రోత, కాబట్టి పాట తేలిపోతే వెంటనే తెలిసిపోతుంది.

మన దగ్గర అలాంటి చోట్లు లేవనుకోకండి. కార్తీకమాసం వనభోజనాలు, అపార్ట్‌మెంట్లలో సంక్రాంతి, కాలనీ వినాయక పందిళ్లు, కొత్త అమావాస్యకి అనకాపల్లి నూకాలమ్మ జాతర రోజుల్లో చుట్టుపక్కల ఊళ్లలో వేసే చిన్న చిన్న స్టేజీలు. కళాభారతిలోనో గురజాడ కళాక్షేత్రంలోనో పాడాలని అందరికీ ఉంటుంది, ఉండాలి కూడా. కానీ అక్కడికి వచ్చేవాళ్లు పాట వినడానికే వస్తారు, ఓపిగ్గా కూర్చుంటారు. వనభోజనంలో పులిహోర వడ్డిస్తుంటే మీ పాటకి నలుగురు తలెత్తి చూశారంటే ఆ పాట గట్టిది. మాకు ఇప్పటికీ కొత్త పాటకి అదే పరీక్ష.

ఇక గొంతుల సంగతి. దీని గురించి ఎక్కువ చెప్తాను, ఎందుకంటే ఇది చెప్పేవాళ్లు తక్కువ. మా ముఖ్య గాయని చీపురుపల్లి వైపు అమ్మాయి, శృతి (హార్మోనియం మీద 'స' పెట్టుకునే మెట్టు) ఐదున్నర. మగవాళ్లిద్దరిదీ ఒకటి, ఒకటిన్నర. ఆమె శృతిలో అదే వరస వాళ్లూ పాడితే పై షడ్జం దగ్గర అరుపవుతుంది. స్థాయి దించి పాడితే మంద్రంలో గాలి తప్ప స్వరం రాదు. పోనీ అందరికీ మధ్యస్థంగా మూడు పెట్టుకుందామంటే ఆమె గొంతులో మెరుపు పోతుంది. మగా ఆడా కలిసి పాడే ప్రతి బృందానికీ మొదటి నెలలోనే వచ్చే చిక్కు ఇది.

దీనికి దారి మన బుర్రకథలోనే ఉంది. కథకుడు ఒకడు, పక్కన వంతలు ఇద్దరు. కథకుడు పాడిందే వంతలు మొత్తం పాడరు, వాక్యం చివర అందుకుంటారు, తందాన పలుకుతారు, మధ్యలో గుమ్మెట మీద దెబ్బ వేస్తారు. షేక్ నాజర్ గారు ఊళ్లకు ఊళ్లను కూర్చోబెట్టింది ఆ మూడు గొంతుల పద్ధతితోనే. 1986లో పద్మశ్రీ అందుకున్నారాయన. మేమూ ఐదున్నర కదపలేదు. మగ గొంతుల్లో ఒకటి కింద షడ్జ పంచమాలు పట్టుకుని నిలబడుతుంది, ఇంకొకటి వంతలా చివర అందుకుంటుంది, నేను ముఖ్య గొంతుకి కాస్త కింద నడుస్తాను. సీకర్స్ పాటలు జాగ్రత్తగా వినండి, అక్కడా అంతే: జుడిత్ గొంతు నేరుగా మధ్యలో నడుస్తుంది, ముగ్గురు మగవాళ్లూ దాని చుట్టూ సర్దుకుంటారు.

మా పంచమం కుర్రాడు ఓల్డ్ టౌన్‌లో చర్చి క్వాయర్‌లో పాడి వచ్చినవాడు. గొంతు మీద గొంతు పేర్చడం ఈ ఊళ్లో ఎవరికైనా బాగా తెలుసంటే క్వాయర్ వాళ్లకే. మీకూ అలాంటి స్నేహితుడు ఉంటే వదులుకోకండి. కాకపోతే క్వాయర్‌లో అలవాటైనట్టు రెండో గొంతుని ముఖ్య గొంతుకి మూడో స్వరం మీద పాట పొడుగునా నడపడం మన పాటల్లో అన్నిచోట్లా కుదరదు. నాలుగైదు స్వరాల్లో తిరిగే పాట అయితే, పాటలో లేని స్వరం వచ్చి చేరుతుంది, వాసన మారిపోతుంది. ముఖ్య గొంతు జారుతున్నచోట రెండో గొంతూ జారితే రెండూ కలిసి బురదవుతాయి. అక్కడ రెండో గొంతు ఒక స్వరం పట్టుకుని కదలకుండా ఉండటం మేలు. గిటారుకీ ఇదే మాట. చాలా పాటలకు రెండు కార్డులు (ఒకేసారి కలిపి మోగించే స్వరాల గుంపులు) చాలు. ఐదో కార్డు తెలుసు కదా అని వేయకండి.

ఒక పాట విషయంలో మాకు బాగా తెలిసొచ్చింది. అది ఉభాల పాట, అంటే వరినాట్లు వేస్తూ పాడేది, మా గాయని వాళ్ల నాయనమ్మ దగ్గర పట్టింది. కంచరపాలెంలో మేడ మీద సాధన చేస్తున్నాం. గిటారు, కహోన్ (చేత్తో వాయించే చెక్కపెట్టె), వరస అంతా చక్కగా కుదిరింది. ఆ ముసలావిడ మంచం మీద కూర్చుని ఆఖరిదాకా విని, "ఓలమ్మా, పాట బాగుంది గానీ, ఉభాలేసీవోలు వంగి లెగిసీదెప్పుడే?" అంది. వరికట్ట విప్పి మూడు నాలుగు మొక్కలు తీసి బురదలో గుచ్చి ఒక అడుగు వెనక్కి వేసేంత ఖాళీ ప్రతి చరణం చివరా ఉండాలట. ఆ ఖాళీలోనే మిగతా ఆడవాళ్లు అందుకుంటారట. మేం తాళం బిగించి ఆ ఖాళీ మూసేశాం, పాట పరిగెడుతోంది. ఖాళీ తిరిగి పెట్టి, ఆ చోట వంత పెట్టాక పాటకి ప్రాణం లేచొచ్చింది. ఇవాళ జనం మళ్లీ మళ్లీ అడిగేది ఆ పాటే. మీరు పాట పట్టుకునేటప్పుడు మాటలూ బాణీతో పాటు, అది ఏ పనిచేస్తూ పాడేదో, ఎవరు అందుకునేవారో కూడా అడిగి రాసుకోండి. ఆంధ్రా యూనివర్సిటీ తెలుగు శాఖలో జానపదాల మీద పరిశోధన చేసినవాళ్లున్నారు, ఒకసారి వెళ్లి కలవండి, చాలా ఆప్యాయంగా చెప్తారు.

వాయిద్యాల్లో మనదంటూ ఒకటైనా ఉండనివ్వండి. మేం మన ఉత్తరాంధ్ర తీగ వాయిద్యం జముకు పెట్టుకున్నాం. తీగ లాగి మీటితే గుంయ్‌మని కడుపులోంచి వచ్చినట్టుంటుంది, బేస్ గిటారు అవసరమే లేదు. కీబోర్డులో దొరికే శబ్దంతో సరిపెట్టకుండా ఆ కళాకారుడినే పిలవండి, మనిషికి వచ్చే వాటా ఆయనకీ సమానంగా ఇవ్వండి, పోస్టర్ మీద పేరు వేయండి. తప్పెటగుళ్ల వాళ్లను పిలిచినా అంతే. ఈ విషయంలో నేను గట్టిగా చెప్తాను. పాట ఆ ఊళ్లది, పేరు మనకొక్కరికే రావడం న్యాయం కాదు.

యాస గురించి కూడా ఒక మాట. స్టేజీ ఎక్కగానే "ఎల్దాం" కాస్తా "వెళ్దాం" చేసేస్తారు చాలామంది. దయచేసి చేయకండి.

హక్కుల సంగతి త్వరగా చెప్పేస్తాను, కానీ తేలిగ్గా తీసుకోవద్దు. జానపదం అని మనం అనుకునే పాటల్లో చాలావాటికి రాసినవాళ్లున్నారు. వంగపండు ప్రసాదరావు గారి పాటలు ఆయన పేరు తెలియకుండానే ఎంతమంది పాడుతున్నారో! 2020లో వెళ్లిపోయారాయన. మన చట్టం ప్రకారం రచయిత పోయాక కూడా 60 ఏళ్లు హక్కు ఉంటుంది. కాబట్టి రికార్డు చేసేముందు ఆరా తీయండి, రాసినవారి కుటుంబాన్ని అడగండి, పేరు వేయండి. అలాగే మీ దగ్గరికి ఏదో ఆడియో సంస్థ కాగితం పట్టుకుని వస్తుంది. మా ముందు ఒకరు పెట్టిన కాగితంలో పాటలతో పాటు బృందం పేరు కూడా వాళ్లదే అని రాసి ఉంది. లాయర్‌కి చూపించి వెనక్కి ఇచ్చేశాం. మీరూ చదవకుండా సంతకం పెట్టకండి.

ఇంకొకటి, ఎవరూ మొదట్లో ఆలోచించనిది. 1968లో జుడిత్ సొంతంగా పాడుకుంటానని వెళ్లిపోయింది, సీకర్స్ ఆగిపోయింది. మళ్లీ ఆ నలుగురూ కలిసి పాడటానికి పాతికేళ్లు పట్టింది. మన దగ్గర పెళ్లిళ్లు, క్యాంపస్ ఉద్యోగాలు, బెంగళూరు బదిలీలు తప్పవు. మా గాయని పెళ్లయి కొన్నాళ్లు ఊరు విడిచి వెళ్లింది. ప్రతి పాటా ఇద్దరికి ముఖ్య గొంతుగా నేర్పి ఉంచాం కాబట్టి ప్రోగ్రాములు ఆగలేదు. ఆమె శృతి వేరు, నా శృతి వేరు, అందుకని ప్రతి పాటకీ రెండు శృతుల్లో కార్డులు రాసిన నోట్‌బుక్ ఒకటి పెట్టుకున్నాం. ఇప్పుడామె తిరిగొచ్చింది, నోట్‌బుక్ మాత్రం మానలేదు.

ఛానెల్ అంటారా, పరాయి ఊళ్లో ఎవరో వచ్చి ఫలానా పాట మళ్లీ పాడండి అని అడిగిన రోజున పెట్టండి. ఆ పాటే మొదట ఎక్కించండి. స్టూడియోకి డబ్బులు పోయక్కర్లేదు. చప్పుడు లేని గదిలో ఒకే మంచి మైక్ మధ్యలో పెట్టి, ముఖ్య గొంతు దగ్గరగా, వంతలు ఒక అడుగు వెనక, జముకు ఇంకా వెనక నిలబడి ఒకేసారి పాడండి. ఎవరు ఎంత దూరంలో నిలబడితే సమంగా వినిపిస్తుందో రెండు మూడుసార్లు రికార్డు చేసి విని చూస్తే మీకే తెలుస్తుంది. కిటికీలు మూయండి, ఫ్యాన్ ఆపేయండి.