సముద్రం లేని ఊళ్లో సముద్రం చేపల చదువా?

కూకట్‌పల్లి నుంచి ఒక నాన్నగారి ప్రశ్న: మా పాప ఇంటర్ బైపీసీ సెకండియర్, నీట్ లాంగ్ టర్మ్ వద్దంటోంది, సముద్రం చేపలకి బ్యాక్టీరియా జబ్బులొచ్చి గుట్టలుగా చచ్చిపోతాయంట, దాని మీదే చదువుతానంటోంది, హైదరాబాద్‌లో ఉండి ఇదేం చదువండీ, తిండి పెడుతుందా?

పెడుతుంది సార్, కాకపోతే లేటుగా పెడుతుంది, ఆ సంగతి ముందే చెప్పేస్తున్నా.

పాప చెప్పింది నిజమే. 2001లో కువైట్ బేలో స్ట్రెప్టోకోకస్ అనే బ్యాక్టీరియా సోకి మల్లెట్ చేపలు వేల టన్నులు చచ్చి ఒడ్డుకొచ్చాయి. సముద్రంలో మామూలుగా జబ్బు చేపలు మన కంట పడవు, నీరసపడ్డ చేపని ఇంకోటి మింగేస్తుంది కదా. కేజుల్లో, అంటే నీళ్లలో వేసిన వల పంజరాల్లో పెంచేవి వేరే కథ, నీళ్లు వేడెక్కి, చేపలు కిక్కిరిసి, వలకి గీసుకుని పొలుసు లేచిందంటే చాలు విబ్రియో అనే బ్యాక్టీరియా పట్టుకుంటుంది. నార్వే వాళ్లు 1987లో సాల్మన్‌కి దాదాపు 48 టన్నుల యాంటీబయాటిక్స్ వాడారు, టీకాలొచ్చాక ఇప్పుడు టన్ను కూడా వాడట్లేదు, పెంపకం మాత్రం ఎన్నో రెట్లు పెరిగింది. అసలు పనంతా ఈ టీకాల దగ్గరే ఉంది, మన హైదరాబాద్‌లోని ఇండియన్ ఇమ్యునొలాజికల్స్ కూడా చేపల టీకాల మీద పనిచేస్తోంది.

దారి చెప్తా. బీఎస్సీ మైక్రోబయాలజీలో చేర్చకండి, తర్వాత ఎంఎఫ్‌ఎస్సీకి (ఫిషరీస్ పీజీ) వెళ్దామంటే చాలాచోట్ల బీఎఫ్‌ఎస్సీ (ఫిషరీస్ డిగ్రీ) ఏదీ అని అడుగుతారు. ఎప్‌సెట్ ర్యాంకుతో వనపర్తి జిల్లా పెబ్బేరు ఫిషరీస్ కాలేజీలో బీఎఫ్‌ఎస్సీ, నాలుగేళ్లు. ఆ తర్వాత ఆక్వాటిక్ యానిమల్ హెల్త్‌లో, అంటే చేపలూ రొయ్యల ఆరోగ్యం మీద ఎంఎఫ్‌ఎస్సీ, ముంబైలోని కేంద్ర ఫిషరీస్ విద్యాసంస్థ సీఐఎఫ్‌ఈలో సీటు వస్తే అంతకన్నా ఏం కావాలి. సముద్రం అప్పుడు చూస్తుంది లెండి, వైజాగ్‌లో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ సీఎంఎఫ్‌ఆర్‌ఐ వాళ్లు 2007 నుంచే సముద్రంలో కేజులేసి పండుగప్ప పెంచారు. గవర్నమెంట్ పోస్టులు ఎప్పుడు పడతాయో నేను చెప్పలేను, దాన్నే నమ్ముకుని చేరొద్దు. ప్రైవేటులో ఫీడ్ కంపెనీలు, భీమవరం, నెల్లూరు వైపు ల్యాబులు ఉన్నాయి, అక్కడ ఎక్కువ రొయ్యల పనే, మొదట్లో జీతం చూసి మీకు కోపం రావచ్చు.

ఇంకోటి, ఈ పని యూట్యూబ్‌లో కనిపించినట్టు ఉండదు. చచ్చిన చేప ల్యాబుకి పనికిరాదు, కుళ్లు బ్యాక్టీరియా అంతా కమ్మేస్తుంది, కొన ఊపిరితో ఉన్నదాన్ని పట్టి అక్కడే కోసి, వెన్నెముక కింద నల్లెరుపుగా ఉండే కిడ్నీ నుంచి శాంపిల్ తీసి విబ్రియోని పెంచడానికి వాడే టీసీబీఎస్ ప్లేటు మీద గీస్తే మర్నాటికి పసుపు రంగువో ఆకుపచ్చవో చుక్కలొస్తాయి, ఆ చుక్కలే విబ్రియో అని అనుమానం, ఖాయం చేయడానికి ఇంకా టెస్టులుంటాయి. ఈ ఆదివారం రామ్‌నగర్ చేపల మార్కెట్‌కి తీసుకెళ్లి ఒక చేప కొనిచ్చి, పాపనే కోసి ఆ కిడ్నీ వెతకమనండి. ముక్కు మూసుకుని పారిపోతే మళ్లీ మాట్లాడుకుందాం, ఇంకో చేప కావాలంటే కౌన్సెలింగ్‌లో పెబ్బేరునే మొదట అడగమనండి.