ట్యాంకులో మూడో వంతు వెచ్చగా ఉంటే చాలు

చి. సౌ. శ్రావణికి,

మామయ్య ఆశీస్సులు. నిన్న ఫోన్లో నువ్వు చెబుతుంటే నవ్వాగలేదు. బల్లి మీద పడితే తలస్నానం చేయించి, పంచాంగంలో బల్లిపాటు ఫలితం వెతికేది మీ అమ్మమ్మ. ఇప్పుడు మనవరాలు కొడుకు పుట్టినరోజుకి డబ్బిచ్చి మరీ బల్లిని కొంటోంది! కొనండి, మంచిదే. లెపర్డ్ గెకో నెమ్మదైన జీవి. మనింటి బల్లిలా గోడలెక్కదు, దానికి కనురెప్పలు కూడా ఉంటాయి. సరిగ్గా చూసుకుంటే 15 ఏళ్ళు దాటి బతుకుతుంది. వాడు కాలేజీకి వెళ్ళాక దాన్ని చూసేది నువ్వేనని ఇప్పుడే అనుకో.

ఇక హీట్ ప్యాడ్ సంగతి, అంటే గెకో ఉండే గాజు ట్యాంకు కింద అంటించే, కరెంటుతో వేడెక్కే పలచటి పట్టీ. "డెట్రాయిట్ చలి కదా మామయ్యా, పెద్దదే తీసుకుంటా" అన్నావు. నేను చేసిన తప్పు కూడా అదే. మా అమ్మాయి చిన్నప్పుడు, ఒక జనవరిలో, ట్యాంకు అడుగంతా పరుచుకునే ప్యాడ్ కొనుక్కొచ్చాను. నాలుగో రోజుకి గెకో వెళ్ళి నీళ్ళ గిన్నెలో పడుకోవడం మొదలుపెట్టింది. స్నానం ఇష్టమేమో అనుకుని మేం ఫోటోలు కూడా తీశాం. అనుమానం వచ్చి అరచెయ్యి లోపల పెట్టి చూస్తే ఏ మూల ముట్టుకున్నా చురుక్కుమంది. ఎత్తి చూస్తే దాని పొట్ట ఎర్రగా కమిలింది. పాపం, వేడి తప్పించుకోవడానికి దానికి ఆ గిన్నె తప్ప ఇంకో చోటు లేదు.

దాని ఒంట్లో సొంత వేడి పుట్టదు. తిన్నాక పొట్ట కింద వెచ్చగా ఉంటేనే అరుగుతుంది, ఆ తర్వాత చల్లటి వైపుకి నడిచి వెళ్తుంది. అందుకని ఒక కొసన నేల 90 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర ఉండాలి, రెండో కొస 75 దగ్గర. ప్యాడ్ అడుగుభాగంలో మూడో వంతు వరకే, అదీ ఒక కొసకి పెట్టాలి. మధ్యలో పెడితే రెండు వైపులూ చెడతాయి.

డబ్బా మీద రాసిన గ్యాలన్ల లెక్కని నమ్ముకోకు, టేపు పట్టుకుని కొలువు. 20 గ్యాలన్ల ట్యాంకే రెండు రకాలుగా వస్తుంది. పొడుగు రకం అడుగు 30 అంగుళాలకి 12, ఎత్తు రకం 24కి 12. పట్టే నీళ్ళు ఒకటే, నేల మాత్రం వేరు. మీరు చూసింది పొడుగుది కాబట్టి 8 అంగుళాలకి 12 ప్యాడ్ దానికి నప్పుతుంది. కానీ కొలిచేటప్పుడు బయటి ఫ్రేము కాదు, లోపలి గాజు కొలువు. అంచు ఫ్రేముకి తగిలి ప్యాడ్ మడతపడితే అది పనికిరాదు, ఒక సైజు తగ్గించు. మరీ చిన్నదీ వద్దు. గెకో దాక్కునే గూడు మొత్తం ప్యాడ్ మీద కూర్చోవాలి.

ఇంకో మాట, చాలామందికి తట్టనిది. పెద్ద ప్యాడ్ అంటే ఎక్కువ వేడి కాదు. నా దగ్గరున్న 6కి 8 ప్యాడ్ 8 వాట్లు, 8కి 12 ది 16 వాట్లు. వైశాల్యం రెట్టింపు, వాట్లూ రెట్టింపు. అంటే ప్రతి అంగుళానికీ అదే వేడి, ఎక్కువ చోటుకి పరుచుకుంటుందంతే. గది చలి అయితే ట్యాంకుని కిటికీ దగ్గర్నుంచి లోపలి గోడకి జరుపు. అప్పటికీ చల్లటి వైపు మరీ పడిపోతుంటే పైన సిరామిక్ హీటర్ ఒకటి, దానికి వేడి హద్దు దాటితే కరెంటు ఆపే వేరే థర్మోస్టాట్‌తో పెట్టుకోవచ్చు.

థర్మోస్టాట్ లేకుండా ఏ సైజు ప్యాడూ ప్లగ్గులో పెట్టకు. ఇందులో పీనాసితనం పనికిరాదు. దాని వైరు కొసన వేడి కొలిచే ముక్క, ప్రోబ్, ఉంటుంది. ప్రోబ్‌ని ప్యాడ్‌కీ గాజుకీ మధ్య ఇరికించు, లోపల పెడితే గెకో తవ్వి లాగేస్తుంది. లోపల ఇసుక మందంగా పోస్తే వేడి పైకి రాదు, కింద గాజు మాత్రం కాగుతుంది. మామూలు ఫ్లోర్ టైల్స్ పరిచేయ్. టైల్ పైన వేడి టెంపరేచర్ గన్‌తో చూసుకో, ప్రోబ్ దగ్గర కంటే కొంచెం తక్కువే వస్తుంది, దాన్ని బట్టి థర్మోస్టాట్ తిప్పు. ప్యాడ్ బయట, గాజు కింద అంటించాలి. ఒకసారి అంటిస్తే పీకడానికి రాదు, అందుకే ముందు చోటు చూసుకో. ట్యాంకు మూలల కింద రబ్బరు బిళ్ళలు పెడితే కింద గాలి ఆడుతుంది.

అత్తగారి మోకాళ్ళ నొప్పుల ప్యాడ్ ఇంట్లో ఉందని అల్లుడుగారు అన్నారట. వద్దని చెప్పు. అలాంటివి చాలావరకు కొంతసేపటికి వాటంతటవే ఆగిపోతాయి, అర్ధరాత్రి ఎవరు లేచి నొక్కుతారు?

ముందు ఖాళీ ట్యాంకుని రెండు రోజులు నడిపించి, పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి రెండు కొసల అంకెలూ నాకు వాట్సాప్ చెయ్యి. అవి చూశాక గెకోని తెచ్చుకుందురుగాని. మీల్‌వార్మ్స్, అంటే గెకో తినే పురుగులు, ఫ్రిజ్‌లో పెట్టినప్పుడు డబ్బా మీద పేరు రాయమను వాణ్ణి. మీ అత్తయ్య ఓసారి ఇడ్లీ రవ్వ అనుకుని మూత తీసింది, ఆ రోజు మా ఇంట్లో వంట లేదు.

ఇట్లు,
మామయ్య