ముసురులో సిలికా పని: చిన్నీకి ఓ ఉత్తరం

చిన్నీ,

నిన్న ఫోన్‌లో నీ గొంతు వినగానే తెలిసింది, మూడోసారి కూడా సిలికాకి ఎమీన్ (నైట్రోజన్ ఉన్న గ్రూపు) సరిగ్గా పట్టలేదని. ఏపీటీఈఎస్ (సిలికాకి ఎమీన్ తగిలించే సిలికాన్ రసాయనం, ఒక సైలేన్) సీసా పాతదేమో, కొత్తది తెప్పించనా అన్నావు. తొందరపడకు. తార్నాకలో వారం నుంచి ముసురు పట్టి ఉంది కదా, నా అనుమానం నీటి మీదే.

మనం వాడే ఎస్‌బీఏ-15, అదే సన్నటి రంధ్రాలున్న సిలికా, దాని రంధ్రాల గోడల మీద సైలనాల్ (సిలికాన్‌కి అంటుకున్న OH) గ్రూపులుంటాయి. సైలేన్ పట్టుకోవాల్సింది వాటినే. కానీ గాల్లో తేమ ముందే వచ్చి అక్కడ కూర్చుంటుంది. నీళ్లు ఎక్కువైతే ఏపీటీఈఎస్ అణువులు గోడ దాకా వెళ్లవు, వాటిలో అవే అల్లుకుపోయి రంధ్రాల మూతులు మూసేస్తాయి.

నేను ల్యాబ్‌లో చేరిన మొదటి శ్రావణంలో ఇదే జరిగింది. పొద్దున వచ్చి చూస్తే ఫ్లాస్కు అడుగున విరిగిన పాలలా ముద్దలు. ఆరబెట్టి, నూరి, ఎమీన్ ఉంటే రంగు చూపే నిన్‌హైడ్రిన్ వేస్తే చక్కటి ఊదారంగు. ఎంత సంతోషపడ్డానో! బీఈటీ (ఉపరితల వైశాల్యం కొలిచే పరీక్ష) ఫలితం వచ్చాక ఏడుపొచ్చింది, ఉపరితల వైశాల్యం దాదాపు మిగల్లేదు. ఊదారంగు ఎమీన్ ఉందని చెబుతుందమ్మా, అది గోడకి బంధం వేసుకుందని చెప్పదు.

అందుకని సిలికాని 120 డిగ్రీల దగ్గర వాక్యూమ్‌లో రాత్రంతా ఉంచు. ఇంకా బాగా ఆరుతుందని 400 దాటించకు, పక్కపక్క సైలనాల్స్ నీళ్లు వదిలి కలిసిపోతాయి, పట్టుకోడానికి చోటే తగ్గిపోతుంది. చల్లారాక మూత తీసి తూకం వేయడానికి తీసుకెళ్తావు చూడు, అక్కడే తేమ మళ్లీ పట్టి ఆ రాత్రంతా పడ్డ కష్టం పోతుంది. నైట్రోజన్ కిందే తూచు. ద్రావకంగా వాడే టోలీన్‌ని మాలిక్యులర్ సీవ్స్ (తేమ పీల్చే గుళికలు) మీద ఉంచి వాడు, ఆ సీవ్స్‌ని అప్పుడే వేడిచేసి ఆరబెట్టాలి. రిఫ్లక్స్ (ఆవిరిని చల్లార్చి తిరిగి ఫ్లాస్కులోకి దింపుతూ మరిగించడం) 110 డిగ్రీల దగ్గర, నైట్రోజన్ కిందే.

కొందరు కొలిచి కాస్త నీళ్లు కలుపుతారు, ఎమీన్ ఎక్కువ ఎక్కుతుంది. అది తప్పు కాదు. కానీ నీళ్లు లేని పద్ధతి రెండుసార్లు ఒకేలా వచ్చాకే ఆ దారి పట్టు.

కడగడంలో బద్ధకించకు. టోలీన్‌తో, తర్వాత ఇథనాల్‌తో సాక్స్‌లెట్ (వేడి ద్రావకంతో మళ్లీ మళ్లీ కడిగే గాజు పరికరం) పెట్టు. నిన్‌హైడ్రిన్ పరీక్ష ఆ తర్వాతే. నైట్రోజన్ ఐసోథర్మ్‌లో (సిలికా ఎంత నైట్రోజన్ పీల్చి వదులుతుందో చూపే గీత) హిస్టరిసిస్ ఆకారం, అంటే పీల్చే గీతకీ వదిలే గీతకీ మధ్య ఏర్పడే ఉచ్చు, నిలిచి, రంధ్రం కొద్దిగా మాత్రమే ఇరుకైతే నువ్వు గెలిచినట్టే.

శనివారం వస్తాను. వాక్యూమ్ లైన్ కీళ్ల దగ్గర గ్రీజు ఎలా ఉందో ఇద్దరం కలిసి చూద్దాం.

నీ అత్తయ్య