పటంలో రాయి, కాలి కింద రాయి: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: బీఎస్సీ జియాలజీ చదువుతున్నాను. సంక్రాంతి సెలవుల్లో ముగ్గురం కలిసి కైలాసగిరి నుంచి భీమిలి దాకా ఏ రాయి ఎక్కడుందో పటంలో గుర్తించే మ్యాపింగ్ చేద్దామనుకుంటున్నాం. ఏ టోపోషీటు (నేల ఎత్తుపల్లాల పటం) కొనాలి, ఎలా మొదలుపెట్టాలి?
– ఒక విద్యార్థిని, మధురవాడ

జవాబు: పాత నంబర్ల లెక్కన 65 ఓ/5 షీటు తీసుకోండి. రుషికొండ, భీమిలి రెండూ అందులోనే ఉంటాయి. కైలాసగిరి దాని దక్షిణపు అంచు దగ్గర పడుతుంది కనుక 65 ఓ/6 కూడా దగ్గర పెట్టుకోండి. 1:50,000 స్కేలు షీటు ఒక్కోటి 15 నిమిషాల అక్షాంశం, 15 నిమిషాల రేఖాంశం. మన దగ్గర అది ఇంచుమించు 27.5 కి.మీ. పొడవు, 26.5 కి.మీ. వెడల్పు. సముద్రం పోగా మిగిలినది కూడా ముగ్గురితో సెలవుల్లో అయ్యే పని కాదు. ఐదు కిలోమీటర్ల చదరం ఒకటి ఎంచుకోండి, అదే చాలా ఎక్కువ.

ఇక్కడి రాళ్ల పొరలు చాలావరకు ఈశాన్యం–నైరుతి దిశలో సాగుతాయి. కాబట్టి మీ నడక వాటికి అడ్డంగా, వాయవ్యం నుంచి ఆగ్నేయానికి ఉండాలి. హైవే వెంబడి నడిస్తే సుఖమే కానీ సాయంత్రానికి ఒకే రాయిని ఇరవై చోట్ల చూసినట్టవుతుంది. ట్రావర్సుకీ (అలా అడ్డంగా నడిచే దారికీ) ట్రావర్సుకీ మధ్య కిలోమీటరు, అంటే షీటు మీద 2 సెంటీమీటర్లు, వదలండి. రాయి మారిన చోట ఆ ఎడం సగానికి తగ్గించండి.

మీకు ప్రధానంగా ఎదురయ్యే రాళ్లు మూడు. ఖోండలైట్ బయటికి తుప్పు పట్టిన ఇనుములా కనిపిస్తుంది. పగలగొట్టి 10 రెట్ల లెన్సుతో చూస్తే ఎర్రటి గార్నెట్ గింజలు, సన్నని సూదుల్లాంటి సిల్లిమనైట్, అక్కడక్కడ వేలికి నల్లగా అంటే గ్రాఫైట్ రేకులు ఉంటాయి. చార్నొకైట్ గట్టిది, సుత్తి వేస్తే ఖణేల్మంటుంది. తాజాగా విరిగిన ముఖం నూనె రాసినట్టు ఆకుపచ్చ బూడిద రంగులో మెరుస్తుంది. తెల్లగా, చుక్కచుక్కలుగా గార్నెట్లతో ఉన్నది లెప్టినైట్. ఎండకూ వానకూ చివికిన పై తొక్కను చూసి పేరు పెట్టకండి. పై తొక్కలో ఖోండలైట్, లెప్టినైట్ రెండూ ఒకే ఎర్ర మట్టిగా మారతాయి.

కొలతల్లో రెండు తప్పులు అందరూ చేసేవే. మొదటిది, కొండ మీంచి దొర్లి వచ్చిన బండను కొలవడం. రాయి కాలి కింద కదలకపోతే సరిపోదు, చుట్టూ ఉన్న మూడు నాలుగు రాళ్లలో పొరలు ఒకే దిక్కుకు వాలుతున్నాయో లేదో చూడాలి. రెండోది, రోడ్డు కటింగులో కనిపించే వాలునే అసలు వాలు అనుకోవడం. పొరల దిశకు 30 డిగ్రీల కోణంలో రోడ్డు వేసి ఉంటే, 60 డిగ్రీల వాలు మీ కంటికి 41 డిగ్రీలుగానే కనిపిస్తుంది. కటింగు గోడను కాక, పొర తల విరిగి పలకగా బయటపడిన చోట నోట్‌బుక్ అట్ట ఆనించి, దాని మీద వాలు కొలిచే క్లినోమీటర్ పెట్టండి. సుత్తినీ ఫోన్‌నీ రెండడుగుల దూరంలో ఉంచండి, కంపాస్ ముల్లు వాటికి లొంగుతుంది.

పిడికిలంత నమూనా చాలు. దాని మీద నంబరు అక్కడికక్కడే రాయండి. ఇంటికొచ్చి గుర్తు తెచ్చుకుందాం అంటే రాళ్లన్నీ ఒక్కలాగే కనిపిస్తాయి.

ప్రశ్న: ఫోన్ జీపీఎస్‌తో తీసుకున్న పాయింట్లు పాత టోపోషీటు మీద వేస్తే అన్నీ ఒకే వైపుకు జరిగాయి. ఫోన్ లోపమా?
– గాజువాక పాఠకుడు

జవాబు: ఫోన్ సరిగానే ఉంది. భూమి ఆకారాన్ని లెక్కగట్టే పద్ధతిని డేటమ్ అంటారు. పాత షీట్లు ఎవరెస్ట్ అనే లెక్క ప్రకారం గీసినవి, ఫోన్ డబ్ల్యూజీఎస్ 84 అనే లెక్క ప్రకారం చెబుతుంది. విశాఖ దగ్గర ఈ రెంటికీ 200 మీటర్ల పైన తేడా, షీటు మీద 4 మిల్లీమీటర్లు దాటుతుంది. పాయింట్లు వాయవ్యానికి జరుగుతాయి. బీచ్ రోడ్డు మీద నిలబడ్డ మనిషి పటంలో ఊళ్లో తేలతాడు. అందుకే ఒకే వైపుకు జరిగాయి. జీపీఎస్ యాప్‌లో డేటమ్ మార్చే వీలుంటే మార్చండి. లేదా కొత్త ఓపెన్ సిరీస్ షీటు కొనండి, అది డబ్ల్యూజీఎస్ 84 మీదే ఉంటుంది. మార్చకుండా చేత్తో సర్దితే మాత్రం ఏ పాయింటు సర్దారో నెల తర్వాత మీకే తెలియదు.

ప్రశ్న: జియలాజికల్ సర్వే పటాలు వాళ్ల భూకోశ్ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయన్నారు. మా 200 గజాల స్థలంలో బోరు ఎక్కడ వేస్తే నీళ్లు పడతాయో అందులో తెలుస్తుందా?
– పెందుర్తి పాఠకుడు

జవాబు: తెలియదండీ. 200 గజాలు చదరంగా ఉంటే ఒక్కో వైపు సుమారు 13 మీటర్లు. 1:50,000 పటంలో అది పావు మిల్లీమీటరు, అక్కడ గీసిన గీతే అంతకంటే మందం. కింద ఏ జాతి రాయి ఉంది, దగ్గర్లో పెద్ద పగులేమైనా నడుస్తోందా అన్నంతవరకు ఆ పటం చెబుతుంది. చుట్టుపక్కల బోర్లు ఎన్ని అడుగులకు పడ్డాయో కనుక్కుని, నేలలోకి కరెంటు పంపి నీటి జాడ వెతికే రెసిస్టివిటీ సర్వే చేయించుకోండి. 1851లో మొదలైన ఆ సంస్థ దేశమంతా కొలిచింది మన బోరు కోసం కాదు, అయినా అడగడంలో తప్పు లేదు.

ప్రశ్న: మా అబ్బాయి ఎర్రమట్టి దిబ్బల ప్రాంతానికి గీసిన పటంలో ఖోండలైట్ హద్దును నిండు గీతగా వేశాడని మార్కులు తగ్గించారు. గీత నిండుగా ఉంటే తప్పేమిటి?
– భీమిలి నుంచి ఒక తండ్రి

జవాబు: లెక్చరర్ చేసింది న్యాయమే. నిండు గీత అంటే ఆ హద్దును కంటితో చూశాను అని. రెండు రాళ్లూ కనిపించి మధ్యలో మట్టి ఉంటే తుంపు గీత. పైన వేరే పొర పూర్తిగా కప్పేసి ఉంటే చుక్కల గీత. దిబ్బల దగ్గర పైనున్నది గాలీ నీరూ తెచ్చి పోసిన ఇసుక, ఇనుము పూత పట్టి ఎర్రబడింది. దాని కింద ఖోండలైట్ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో పైనుంచి చూసి చెప్పలేం. వాగులు కోసుకుపోయిన గండ్ల అడుగున ఎక్కడైనా రాయి బయటపడితే అక్కడ ఒక ముక్క నిండు గీత వేయొచ్చు, మిగతాది చుక్కలే. అది రక్షిత భూవారసత్వ స్థలం కాబట్టి అక్కడ సుత్తి తీయొద్దని అబ్బాయికి చెప్పండి, ఫొటో, జీపీఎస్ పాయింటు చాలు.